మన గ్రంథాలయమునకు కంప్యూటరు – ఒక గణకుని మనవి
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నాకును నాలుగు మాటలు చెప్పు అవకాశమిచ్చిన కార్యవర్గమువారికి నమస్కారములు. నేను పండితుడను గాను. పగలు ఊరివారి లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ బల్లకడ కూర్చుండి భారత భాగవతములు చదువుకొన్నవాడను. నాకు అబ్బిన రెండక్షరములును ఈ బీరువాలు పెట్టిన భిక్షయే. కావున నేడు కావ్యప్రశంసకు పూనుకొనక, నా వృత్తికి తగినట్లు ఒక పద్దును మీ ముందుంచెదను.

రజతోత్సవ నిధిలో కొంత వెచ్చించి గ్రంథాలయమునకు ఒక కంప్యూటరు కొనవలెనను తలంపు పుట్టిన నాటినుండి మనలో మూడు పక్షములు ఏర్పడినవి. ఆ ధనముతో పుస్తకములే కొనవలెనని పెద్దలు కొందరు. పేరు మోసిన కంపెనీవారి సిద్ధయంత్రమును, వెల యిచ్చి కొను సాఫ్టువేరును తెచ్చుట గౌరవమని కొందరు. భాగములను వేరువేరుగా ఎంచి కూర్పించి, అందు మూలము బహిరంగముగానున్న ఉచిత సాఫ్టువేరును నెలకొల్పుట మేలని యువకులు. వయస్సున నేను పెద్దల వరుసవాడనే గాని, ఈ వ్యవహారమున యువకుల పక్షము. కారణములు లెక్కతో చెప్పెదను. అంగీకరించుటయు, త్రోసివేయుటయు మీ వంతు.

ఏ పనికో నిశ్చయింపక పనిముట్టు కొన్నవాని ధనము వృథా యగును. నల్లరేగడి దున్నువాడు ఆ నేలకు తగిన నాగలినే చేయించుకొనును గాని, పొరుగూరి షావుకారు ఇంట నున్నదని మరియొకదానిని తేడు. మన యంత్రము చేయవలసిన పనులు ఐదు. పుస్తకముల పట్టికను ఉంచుట మొదటిది. చందాదారుల పేర్లను, ఎవరికి ఏ పుస్తక మిచ్చితిమో ఆ లెక్కను ఉంచుట రెండవది. ఉత్తరములు, నోటీసులు, వార్షిక జమాఖర్చులు వ్రాయుట మూడవది. ఉద్యోగ ప్రకటనలు చూచి మన పిల్లలు దరఖాస్తులు నింపుకొనుట నాలుగవది. దీనివలన బస్సు ఖర్చు పెట్టుకొని మంచిర్యాల దాక పోవు ప్రయాస తప్పును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి విజ్ఞానసర్వస్వములను చదువుట ఐదవది. వీనిలో ఏదియు ఏనుగు బలము కోరు పని కాదు. కావున ఆటలకై అమ్ము ప్రత్యేక గ్రాఫిక్సు కార్డు గాని, లోపల రంగుల దీపములు వెలుగు గాజుపెట్టె గాని మనకు అక్కరలేదు.

ఇక పుస్తకములే కొనరాదా యను పెద్దల ప్రశ్న న్యాయమైనది. శియాళి రామామృత రంగనాథన్‌గారు గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను 1931లో గ్రంథరూపమున వెలువరించిరి. చదువరి కాలమును కాపాడవలెననునది వానిలో ఒకటి. నేడు మన గ్రంథాలయమున ఒక నవల కావలెనన్న, రిజిస్టరు పుటలన్నియు త్రిప్పవలెను. అది ఎవరి యింట నున్నదో తెలియవలెనన్న, మరియొక రిజిస్టరు వెదకవలెను. ఉన్న పుస్తకము దొరకని చోట, కొన్న పుస్తకము కొననిదానితో సమానము. యంత్రము పుస్తకమునకు పోటీ కాదు. ఉన్న పుస్తకమును చదువరి చేతికి చేర్చు బంటు. ఐనను బంటు జీతము యజమాని ఆస్తిని మ్రింగరాదు. అందుచేతనే సాఫ్టువేరునకు వెల పెట్టక, ఆ మిగులును పుస్తకములకే చేర్చవలెనని నా వాదము.

ఈ ఉచిత సాఫ్టువేరు మాటను కొంత వివరింపవలెను. పూర్వము తాళపత్రములపై నున్న కావ్యమును ఎవడైనను ప్రతి వ్రాసికొనవచ్చును, వ్రాయసకాని తప్పును మరియొకడు దిద్దవచ్చును, వ్యాఖ్యానము వ్రాయవచ్చును. మెదకు సీమవాడగు కొలచెలమ మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసి వానిని దేశమంతటికి సుగమము చేసెను. మూలమును పెట్టెలో పెట్టి తాళము వేసియున్నచో ఆ మహానుభావుడు వ్యాఖ్య దేనికి వ్రాయగలడు? సాఫ్టువేరునకును అట్లే ఒక మూలము కలదు. అది మనుష్యుడు వ్రాసినది, మనుష్యుడు చదువగలిగినది. దానిని దాచి, కేవలము నడుపుకొను అనుమతిని అమ్ముట ఒక పద్ధతి. దానిని బయటపెట్టి, చదువుటకు, దిద్దుటకు, పంచుటకు అందరికి హక్కు ఇచ్చుట మరియొక పద్ధతి. ఈ రెండవ పద్ధతికి 1983లో అమెరికా దేశమున రిచర్డు స్టాల్మన్ గ్నూ అను పేర ఉద్యమము ఆరంభించెను. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను మూలభాగమును వ్రాసి లోకమున కిచ్చెను. ఈ రెండును కలిసి నేడు కోట్లకొలది యంత్రములను నడుపుచున్నవి. మన హైదరాబాదుననే స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు లినక్సును రూపొందించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను పేర్లతో చేసిన తెలుగు అక్షరరూపములు కూడ ఉచిత అనుమతితో అందరికి లభించుచున్నవి. భాగవతమును రాజులకు అంకిత మీయని కవిగా ప్రసిద్ధి కెక్కిన పోతన పేరు అట్టి అక్షరములకు తగియున్నది.

గ్రంథాలయములకు ముఖ్యముగా చెప్పదగినది కోహా. 1999 నాటికి న్యూజిలాండులో హోరోఫెనువా ప్రాంతపు గ్రంథాలయములలో వాడుచున్న పాత సాఫ్టువేరు 2000 సంవత్సరపు తేదీలను గ్రహింపజాలదని తేలెను. క్రొత్తదానిని అధిక వెలకు కొనుటకు బదులు వారు తమకు కావలసినదానిని వ్రాయించుకొని, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చి, మూలముతో సహా లోకమునకు ఇచ్చివేసిరి. కోహా యనగా అచ్చటి మావోరీ భాషలో కానుక. పుచ్చుకొన్నవాడు తన వంతు వచ్చినప్పుడు తానును ఈయవలెనను భావము ఆ మాటలో ఇమిడియున్నదట. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసికొను ఆచార మెరిగిన మనకు ఆ నీతి క్రొత్తది కాదు.

ఇది ధనమును మిగుల్చు మాట మాత్రమే కాదు. నేను కొంతకాలము లెక్కలు వ్రాసిన ఒక వ్యాపారస్థలమున జమాఖర్చులన్నియు వెల యిచ్చి కొన్న ఒక సాఫ్టువేరులో నుండెను. అనుమతి గడువు తీరినది. అమ్మినవారు దుకాణము కట్టివేసిరి. అనేక సంవత్సరముల పద్దులు తెరచుటకు వీలులేకపోయెను. అంకెలు వారివే, శ్రమ వారిదే, తాళపుచెవి మాత్రము పరులది. మన గ్రంథాలయపు 25 సంవత్సరముల చరిత్రను యంత్రములో వ్రాయబోవుచున్నాము. ఆ తాళపుచెవి ఈ ఊరివారి చేతిలోనే ఉండవలెను. నా ప్రసంగసారమంతయు ఈ ఒక్క వాక్యమే. తక్కినదంతయు దాని అమలు.

అమలునకు వత్తము. నిధినుండి 35,000 రూపాయలు విడదీసితిమనుకొందము. ధరలు నిలుకడగా నుండవు. 2025 చివరి నెలలలో ర్యాము ధరలు ఎట్లు పెరిగినవో కొన్నవారెరుగుదురు. కావున రూపాయల లెక్క కన్న నూటికి ఇంత యను లెక్క మేలు. నూరు రూపాయలలో ప్రాసెసరునకు 22, మదర్‌బోర్డునకు 17, ర్యామునకు 13, ఎస్.ఎస్.డి.కి 10, పెట్టెకును పవర్‌సప్లయికిని 11, తెరకు 16, కీబోర్డు మౌసులకు 3, యు.పి.ఎస్.కు 8. కూడిన సరిగా నూరు. సాఫ్టువేరు పద్దున సున్న.

ప్రాసెసరు యంత్రమునకు బుద్ధి వంటిది. మన పనులకు ఇంటెల్‌వారి కోర్ ఐ3 గాని, ఎ.ఎం.డి.వారి రైజెన్ తరగతిలో చిన్నది గాని చాలును. బొమ్మను తెరపై చూపు గ్రాఫిక్సు ప్రాసెసరులోనే ఇమిడియున్నదానిని ఎంచవలెను. ఇచ్చట ఒక అక్షరము కడు జాగ్రత్తగా చూడవలెను. ఇంటెల్ ప్రాసెసరు అంకె చివర ఎఫ్ అను అక్షరమున్నచో అందు గ్రాఫిక్సు లేదు. కొంత చవుక యని దానిని తెచ్చినచో వేరుగా కార్డు కొననిదే తెర వెలుగదు. ఎ.ఎం.డి.లో ఎ.ఎం.4 అను తరమునకు చెందినదైనచో చివర జి అను అక్షరము ఉండవలెను. ఈ రెండు కంపెనీల గ్రాఫిక్సునకు కావలసిన ఏర్పాటు లినక్సులోనే ఉండుటచేత, వేరుగా దేనిని వెదకి తెచ్చుకొన నక్కరలేదు.

మదర్‌బోర్డు పీఠము వంటిది. అది ప్రాసెసరు తరమునకు సరిపోవలెను. ర్యామునకు రెండు గాళ్లు, ఎస్.ఎస్.డి.కి ఎం.2 గాడి, తీగద్వారా ఇంటర్నెట్టు కలుపుకొను రంధ్రము తప్పక ఉండవలెను. ర్యాము 8 గిగాబైట్ల ముక్క ఒకటి వేయించి, రెండవ గాడిని ఖాళీగా ఉంచవలెను. రెండు మూడేండ్ల పిదప ధనము సమకూడినప్పుడు మరియొక ముక్క చేర్చవచ్చును. డి.డి.ఆర్.4 ముక్క డి.డి.ఆర్.5 గాడిలో పట్టదు. బోర్డు ఏది కోరుచున్నదో బిల్లు వ్రాయకముందే అడుగవలెను.

పూర్వపు హార్డుడిస్కులో పళ్లెములు గిరగిర తిరుగుచుండును, ఎస్.ఎస్.డి.లో కదలు భాగము లేదు. అందుచేత యంత్రము త్వరగా తెరచుకొనును, కుదుపునకు చెడదు. 256 గిగాబైట్లు మన పట్టికలకు సమృద్ధి. పాత యంత్రమునకు క్రొత్త ప్రాణము పోయు భాగము కూడ ఇదియే. హార్డుడిస్కును ప్రతులు దాచుకొనుటకు బయట ఉంచుకొనవచ్చును.

ఇక నేను గట్టిగా పట్టుబట్టునది పవర్‌సప్లయి. ఇది కంటికి కనబడదు గనుక దుకాణమున దీనిపైననే మిగులు చూపుదురు. పేరులేని పెట్టెతోపాటు ఉచితముగా వచ్చు దానిపై ఎన్ని వాట్లని ముద్రించియున్నను నమ్మరాదు. 80 ప్లస్ అను ధ్రువపత్రము గల 400 లేక 450 వాట్లది మన యంత్రమునకు మిక్కిలి చాలును. అది చెడునప్పుడు తాను మాత్రమే చెడదు. ఒక్కొక్కప్పుడు బోర్డును, డిస్కును కూడ తీసికొనిపోవును. మన వేసవి 45 డిగ్రీలను తాకును. ఈశాన్యపు ఉరుములు మెరుపులు మనకు తెలియనివి కావు. కావున యు.పి.ఎస్. అలంకారము గాదు, అవసరము. 600 వి.ఎ. ప్రమాణముగలది పని ముగించి యంత్రమును క్రమముగా ఆపుటకు కావలసిన కొన్ని నిమిషములు ఇచ్చును. దానికి ముందు గోడలోని మూడు రంధ్రముల ప్లగ్గునకు నిజముగా ఎర్తు కలదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపింపవలెను. లేనిచో బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీయించి ఎర్తు వేయింపవలెను. సింగరేణి సీమలో బొగ్గునకు కొదువ లేదు గదా!

తెర 21 లేక 22 అంగుళములది, కాంతి తిరిగి కొట్టనిది ఉండవలెను. తెలుగు అక్షరమునకు తలకట్టులు, గుడులు, క్రింద ఒత్తులు. మసక తెరపై ఒత్తు కనబడక అర్థమే మారిపోవును. చిన్నపిల్లలును, చత్వారము వచ్చిన నాబోంట్లును చదువవలసినది గనుక దీనియందు పిసినారితనము తగదు. పెట్టెను నేలపై నుంచక బల్లపై నుంచి, నెలకొకసారి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులుపవలెను.

ప్రింటరు ఈ నూరులో చేరలేదు. కొనునప్పుడు లినక్సులో పనిచేయునని నిర్ధారణ చేసికొని కొనవలెను. హెచ్.పి.వారు తమ ప్రింటర్లు పెక్కింటికి మూలము బహిరంగముగానున్న ఏర్పాటును ఇచ్చుచున్నారు. పుస్తకముల వెనుక గీతలు చదువు బార్‌కోడు పరికరము మాత్రము కీబోర్డు వలెనే పనిచేయును; దానికి ఏ చిక్కును లేదు.

కొనకముందు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. లినక్సును ఒక పెన్‌డ్రైవులో నింపుకొని దుకాణమునకు పోయి, యంత్రములో ఏదియు నెలకొల్పకయే దానినుండి నడిపి చూడవచ్చును. తెర, ధ్వని, ఇంటర్నెట్టు, ప్రింటరు పనిచేసినచో ధనమీయవలెను. ఎద్దును కొనువాడు నాలుగడుగులు నడిపించి చూడడా? ఈ పరీక్షకు అంగీకరింపని దుకాణమునుండి నమస్కరించి వచ్చివేయుటయే మేలు.

పై ధనము కూడ పోగు కాకున్న మరియొక దారి కలదు. విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కొన్ని పాత ప్రాసెసర్లను అంగీకరింపదు. కావున కార్యాలయములనుండి మంచి యంత్రములు పక్కకు వచ్చుచున్నవి. అట్టిదానిని తెచ్చి, ఎస్.ఎస్.డి. క్రొత్తది వేసి, ర్యాము 8 గిగాబైట్లకు పెంచి, లినక్సు నెలకొల్పినచో మన ఐదు పనులును సాగును. అట్టి యంత్రములలో కొన్నింటి పవర్‌సప్లయి ప్రత్యేకపు కొలతలది. చెడిన బజారు సరుకు అందు పట్టదు. ఇది తెలిసి కొనవలెను.

సాఫ్టువేరునకు 1993నుండి నడచుచున్న డెబియన్ గాని, క్రొత్తవారికి సులువుగా నుండు లినక్సు మింట్ గాని తగును. ఉత్తరములకు, జమాఖర్చులకు లిబ్రె ఆఫీసు. పట్టికను మొదట లిబ్రె ఆఫీసు గళ్ల కాగితములోనే వ్రాయుట ఆరంభింపవచ్చును: వరుస సంఖ్య, గ్రంథనామము, కర్త, ప్రకాశకులు, ముద్రణ సంవత్సరము, వెల, బీరువా సంఖ్య. తెలిసినవారు దొరకినప్పుడు ఆ పట్టికనే కోహాలోనికి మార్చుకొనవచ్చును. ఒక్క నియమము విడువరాదు. తెలుగును యూనికోడులోనే టైపు చేయవలెను. తెలుగునకు యూనికోడులో 1991 నుండి స్థానము కలదు. పాత అచ్చుపనులకు వాడు కొన్ని అక్షరరూపములలో వ్రాసినచో కంటికి తెలుగే కనబడును గాని, యంత్రమునకు అది తెలుగని తెలియదు. పోతన యని వెదకిన దొరకదు. వెదకుటకు వీలులేని పట్టిక మన పాత రిజిస్టరు కన్న ఏమి మేలు?

ఎదుటి పక్షమువారి ఆక్షేపణ నొకదానిని దాటవేయరాదు. చెడినచో బాగుచేయువా రెవరని వారి ప్రశ్న. అది గట్టి ప్రశ్నయే. సిద్ధయంత్రమునకు కంపెనీవారు మొత్తముగా హామీ యిత్తురు. విడిభాగములకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క హామీ, ఒక్కొక్క బిల్లు. ఇంకను లినక్సు తెలిసిన మెకానిక్కు ప్రతి వీధిలో దొరకడు. వెల యిచ్చి కొను సాఫ్టువేర్లలో కొన్ని లినక్సులో నడువవు కూడ. ఐనను బోర్డు చెడిన బోర్డే మార్తుము, ర్యాము చెడిన ర్యామే మార్తుము. ఇల్లంతయు పడగొట్టక దూలము మార్చినట్లు. బిల్లులన్నియు ఒక ఫైలులో గ్రుచ్చి యుంచుట గణకునిగా నా పూచీ. మెకానిక్కు కొరతకు మందు మన ఊరనే కలదు. కళాశాలకు పోవుచున్న బాలురు ఇద్దరు, బాలికలు ఇద్దరు ముందునకు వచ్చినచో వారాంతములలో నేర్చుకొందురు. మూలము దాచని సాఫ్టువేరు వారికి పాఠ్యగ్రంథము కూడ నగును.

ఉచితమన్న మాటను అపార్థము చేసికొనరాదు. మన చెన్నూరుకడ గోదావరి ఉత్తరవాహిని యైనది. ఆ నీటికి తాళము లేదు, వెల లేదు. ఐనను కడవ మనమే కొనవలెను, మనమే మోయవలెను. కంప్యూటరు భాగములు ఆ కడవ; నేర్చుకొను శ్రమ ఆ మోత. కడవ చిల్లిది కాకుండ చూచుకొనుట మన బాధ్యత.

కావున సభవారి ముందు మూడు విన్నపములు ఉంచుచున్నాను. భాగములను మూడు దుకాణములలో ధర విచారించి, పైన చెప్పిన పరీక్ష చేసి, బిల్లుతో కొనవలెను. మొదటి సంవత్సరము కాగితపు రిజిస్టరును, యంత్రములోని పట్టికను జంటగా నడుపవలెను. ప్రతి శనివారము పట్టిక ప్రతిని బయటి డిస్కులో తీసి, ఆ డిస్కును గ్రంథాలయము వెలుపల మరియొక చోట భద్రపరచవలెను. సాఫ్టువేరుపై మిగిలిన ధనమునకు ఎంత యైనదో లెక్క వ్రాసి, ఆ మొత్తమునకు పుస్తకములు కొని, వానిపై రజతోత్సవ ముద్ర వేయింపవలెను. అప్పుడు పుస్తకములే కావలెనన్న పెద్దల కోరికయు తీరును.

హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును 1904లోను స్థాపించిన పెద్దలు మన చేతికి పుస్తకము నిచ్చిరి. మన తరువాతివారు స్వర్ణోత్సవము చేయునాడు మనము వ్రాసిన పట్టికను ఎవరి అనుమతియు అడుగక తెరచి చదువుకొనగలిగినచో, మనమును మన వంతు కానుక ఇచ్చినవార మగుదుము.